కళింగపట్నం బీచ్: నీడ కాళ్ల కిందకు రాకముందే ఇంటికి

నమస్కారం అండీ. వీడియోలో చీకటి తప్ప ఏమీ కనిపించడం లేదు కదా? ఇప్పుడు తెల్లవారుజామున నాలుగు యాభై. శ్రీకాకుళం నుంచి గార మీదుగా కళింగపట్నం వెళ్తున్నాం. వెనక సీట్లో అమ్మ ఒళ్లో మా బాబు సగం నిద్రలో ఉన్నాడు. ముందు సీట్లో నాన్న. కాళ్ల దగ్గర ఒక స్టీలు క్యాన్, అందులో ఉప్పు వేసిన పల్చటి చల్ల. మే నెల మధ్యలో ఇక్కడ సూర్యుడు ఐదుంబావు దాటీదాటగానే వచ్చేస్తాడు. ఆయన కంటే ముందు మేం ఇసుకలో ఉండాలి. ఏడున్నరకల్లా తిరిగి కారెక్కేయాలి. ఇది మా ఇంట్లో ఇప్పుడు రూలు.

రూలు ఎందుకు వచ్చిందో చెప్తాను. నాలుగు రోజుల కిందట ఇదే బీచ్‌లో మాకు ఏం జరిగిందో ఎండాకాలంలో పిల్లలతో ఊరికి వచ్చే ప్రతి ఎన్నారై అమ్మా నాన్నా వినాలని నా కోరిక.

మేం ఉండేది ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో. అక్కడ జులైలో కూడా మధ్యాహ్నం ఇరవై డిగ్రీలు ఉంటే గొప్ప. ఎండ వచ్చిందంటే చాలు, ఊరు ఊరంతా పార్కుల్లో, సముద్రం ఒడ్డున పడుకుంటుంది. మేమూ అంతే. చెల్లి పెళ్లి కోసం మేలో రావాల్సి వచ్చింది. బాబుకి నాలుగున్నరేళ్లు, ఇంకా ప్రీస్కూలే కాబట్టి సెలవుల టెన్షన్ లేదు. పెళ్లి అయిపోయాక ఒక వారం సముద్రం దగ్గర గడుపుదామని డబ్లిన్‌లో ఉన్నప్పుడే అనుకున్నాం. వంశధార సముద్రంలో కలిసే చోటు, పాత లైట్‌హౌస్, ఒకప్పటి రేవు, నా చిన్నప్పుడు నాన్న వేలు పట్టుకుని తిరిగిన ఇసుక... ఇవన్నీ బాబుకి చూపించాలని నాకు ఎంత ఆశో.

ఆ రోజు తీరిగ్గా ఇడ్లీలు తిని, పదిన్నరకి బీచ్‌లో దిగాం. ఫోన్‌లో చూస్తే 36 డిగ్రీలు. రెంటచింతలలోనో నంద్యాలలోనో 43, 44 అని వార్తల్లో వింటున్నాం కదా, 36 ఎంతలే అనుకున్నాను. ఆ అంకె కింద చిన్న అక్షరాల్లో ‘ఒంటికి 46లా అనిపిస్తుంది’ అని కూడా ఉంది. దాన్ని పట్టించుకోలేదు. వాతావరణ శాఖ వడగాడ్పులు అని ప్రకటించడానికి మైదాన ప్రాంతాల్లో కనీసం 40 డిగ్రీలు చూస్తుంది, తీర ప్రాంతంలో 37కే లెక్క మొదలుపెడుతుంది. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసుంటే 36ని అంత తేలిగ్గా తీసుకునేదాన్ని కాదు.

తేడా అంతా గాలిలోని తేమది. ఒంటికి చెమట పట్టడం వల్ల చల్లదనం రాదు, ఆ చెమట ఆరితే వస్తుంది. సముద్రం పక్కన గాలి అప్పటికే తడిగా ఉంటుంది కాబట్టి చెమట ఆరదు, ధారగా కారిపోతుంది. నీళ్లూ ఉప్పూ ఒంట్లోంచి పోతూనే ఉంటాయి, ఒళ్లు మాత్రం చల్లబడదు. మనవాళ్లు ఉక్కపోత అనేది దీన్నే.

ఇరవై నిమిషాల పాటు బాబు బాగానే ఆడాడు. ఇసుకతో కోట కట్టాడు, అలల దగ్గరకు పరుగెత్తాడు, తిరిగొచ్చాడు. చెప్పులు విప్పేసి రెండడుగులు వేసి కెవ్వుమన్నాడు. పొడి ఇసుక గాలి కంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది, అరికాలు పెట్టలేం. ఎత్తుకుని తడి ఇసుక మీదకు తీసుకెళ్లాం. ఇంకాసేపటికి ఆడటం మానేశాడు. తల నొప్పి అన్నాడు. మొహం ఎర్రగా కందిపోయింది, ఒళ్లంతా చెమట. ఆకలేమో అని బిస్కెట్ ఇచ్చాను. నోట్లో పెట్టుకోగానే వాంతి చేసుకున్నాడు.

అంతవరకు దూరంగా తాటాకుల పాకలో కూర్చుని ఉన్న ఒక పెద్దావిడ లేచి మా వైపు వచ్చింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఇంజన్ బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి, మనుషులు నీడన కూర్చుని వలలు బాగు చేసుకుంటున్నారు. ఆవిడ బాబు మెడ మీద చెయ్యి పెట్టి చూసింది.

“ఏటమ్మా, ఈ యేలప్పుడు గుంటడిని ఇసకలోకి తెచ్చినారేటి? మొగం సూడు ఎలగ కందిపోనాదో. బేగి నీడకి తీసికెల్లండి.”

పాకలోకి తీసుకెళ్లాం. ఆవిడే బాబు టీషర్టు విప్పేసింది. కుండలో నీళ్లు తువ్వాలు మీద పోసి, పిండి, మెడకీ చంకలకీ చుట్టింది. మా ఆయన తాటాకు విసనకర్రతో విసురుతూనే ఉన్నాడు. తడి ఒంటికి గాలి తగిలితే ఎంత మార్పు వస్తుందో ఆ పది నిమిషాల్లో కళ్లారా చూశాను. నా బ్యాగులో ఓఆర్ఎస్ ప్యాకెట్ ఉంది. లీటరు నీళ్ల సీసాలో మొత్తం ప్యాకెట్ కలిపి, చెంచాడు చెంచాడు పట్టించాం. ఒక్కసారిగా గడగడా తాగిస్తే మళ్లీ వాంతి అవుతుంది.

మేం సర్దుకుంటుంటే ఆవిడ సరుగుడు చెట్ల కొసలు చూపించింది. “పడమటి గాలి వీస్తంది ఇంకా. సముద్రం గాలి తిరగనేదు. గాలి తిరక్కుండా మేమే ఇసకలోకి దిగం” అంది. ఈ మాట నా మనసులో నిలిచిపోయింది. మామూలుగా ఎండాకాలంలో పొద్దెక్కేకొద్దీ నేల వేడెక్కి, మధ్యాహ్నానికి సముద్రం మీద నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. కానీ పడమటి నుంచి వేడిగాలి గట్టిగా వీచే రోజుల్లో అది సముద్రపు గాలిని ఆపేస్తుంది. బీచ్ అంటే గాలి ఉంటుంది, చల్లగా ఉంటుంది అనుకుని వచ్చే మనకు అలాంటి రోజు చాలా ప్రమాదం. ఇప్పుడు ఇంట్లోంచి బయలుదేరే ముందే డాబా ఎక్కి కొబ్బరి మట్టలు ఎటు ఊగుతున్నాయో చూస్తున్నాను.

దారిలో డాక్టర్ గారికి చూపించాం. జ్వరం 38.6 డిగ్రీల సెల్సియస్ ఉంది, ఫారెన్‌హీట్‌లో 101.5 దగ్గర. ఇది వడదెబ్బకు ముందు మెట్టు అన్నారు. నేను పారాసిటమాల్ వేయనా అని అడిగాను. ఎండ వల్ల వచ్చిన వేడికి ఆ మందు పనిచేయదు, ఒంటిని బయట నుంచి చల్లబరచడమే మందు అన్నారు. ఇంకో మాట గట్టిగా చెప్పారు, దయచేసి గుర్తుపెట్టుకోండి: మనిషి తికమకగా మాట్లాడినా, మగతగా పడిపోతున్నా, ఫిట్స్ వచ్చినా, ఒళ్లు 40 డిగ్రీల సెల్సియస్ (104 ఫారెన్‌హీట్) దాటి కాలిపోతున్నా అది అసలు వడదెబ్బ. వెంటనే 108కి ఫోన్ చేయాలి. బండి వచ్చేదాకా నీళ్లు పోస్తూ, విసురుతూ ఒంటిని చల్లబరుస్తూనే ఉండాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 2015 మే నెలలో మన తెలుగు రాష్ట్రాల్లో వడగాడ్పులకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాది నేను డబ్లిన్‌లో కూర్చుని ఆ వార్తలు చదివాను.

సాయంత్రానికి బాబు మామూలైపోయాడు. నేను మాత్రం రాత్రంతా నిద్రపోలేదు. పుట్టింది ఇక్కడే, పెరిగింది ఇక్కడే, ఎండ నాకు కొత్తా అనే ధైర్యంతోనే కదా వాణ్ని తీసుకెళ్లాను. కానీ ఒళ్లు ఎండకు అలవాటు పడాలంటే వారం నుంచి రెండు వారాలు పడుతుందట. చెమట త్వరగా పట్టడం, చెమటలో ఉప్పు తక్కువ పోవడం, ఇవన్నీ ఆ రోజుల్లో నెమ్మదిగా జరిగే మార్పులు. ఎండకు దూరమైతే కొన్ని వారాల్లోనే ఆ అలవాటు పోతుంది కూడా. ఏళ్ల తరబడి చలిదేశంలో ఉన్న నాకు అది లేదు. బాబుకి అసలెప్పుడూ లేదు.

మర్నాడు నాన్న బాబుకి ఒక ఆట చూపించారు. ఆయన రిటైర్డ్ టీచరు, ఏదైనా చూపించి చెప్తారు. పదకొండున్నర అవుతుండగా పెరట్లో సిమెంటు గచ్చు మీద ఒక స్టీలు గ్లాసు బోర్లించి, వాణ్ని అరుగు మీద నీడలో కూర్చోబెట్టారు. గ్లాసు నీడ చిన్నదవుతూ చిన్నదవుతూ, పన్నెండుకి పది నిమిషాల ముందు దాదాపు మాయమైపోయింది.

“తాతా, గ్లాసు నీడని తాగేసింది!”

శ్రీకాకుళం 18 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. మే రెండో వారంలో ఇక్కడ సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదకు వస్తాడు. డబ్లిన్‌లో ఏ రోజూ అలా జరగదు, నడివేసవిలో కూడా ఎండ ఏటవాలుగానే పడుతుంది. పైగా అక్కడ గడియారంలో సూర్యుడు పైకెక్కేది మధ్యాహ్నం ఒకటింబావు దాటాక. నా బుర్రలో ఉన్నది ఆ గడియారం. పదిన్నర అంటే అక్కడ చల్లటి పొద్దు. ఇక్కడ పదిన్నర అంటే నీడ కాళ్ల కిందకు రావడానికి గంటా ఇరవై నిమిషాలే ఉంది. అరసవల్లిలో సూర్యుడికే గుడి కట్టుకున్న ఊరు మాది, ఆయన వేళలు మాత్రం నేను మర్చిపోయాను.

ఆ రోజు నుంచి నాన్న పెట్టిన రూలే నడుస్తోంది. నీడ మన ఎత్తు కంటే పొడుగ్గా ఉంటే బయట తిరగొచ్చు. పొట్టిదైతే లోపలికి. బాబు కూడా ఎక్కడికెళ్లినా నీడ కొలుస్తున్నాడు.

మరి మిగతా పగలంతా ఏం చేస్తున్నామని అడుగుతారేమో. పొద్దున తరవాణి అన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. బాబుకి మిరపకాయ లేకుండా. పదకొండింటికి చోడి (రాగి) అంబలి చల్ల కలిపి. మధ్యాహ్నం తలుపులు మూసేసి, గుమ్మానికి వట్టివేళ్ల తడక కట్టి, నీళ్లు చల్లి పడుకోవడం. సాయంత్రం ముంజలు. ముంజలు వలిచేటప్పుడు అమ్మ చేతులు ఎంత చకచకా ఆడతాయో క్లోజప్‌లో తీశాను, చూడండి. కొబ్బరి బోండాలు ఉద్దానం నుంచి వస్తున్నాయి, రోజుకొకటి తాగుతున్నాం. కానీ బోండం నీళ్లలో పొటాషియం ఎక్కువ, ఉప్పు తక్కువ. బాగా చెమట పట్టిన రోజు దానితో సరిపెట్టుకోకుండా ఉప్పు చల్లో, ఓఆర్ఎస్సో కూడా తాగాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, ఏ చెంచాకీ గోపురం లేకుండా.

బట్టల సంగతి. నాన్న మా ఆయనకి పొందూరు ఖద్దరు చొక్కా కొనిచ్చారు. పొందూరు మా జిల్లాదే. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, చేత్తో సన్నటి నూలు వడుకుతారు. ఆ చొక్కా వేసుకున్నాక మా ఆయన డబ్లిన్ నుంచి తెచ్చుకున్న బిగుతు టీషర్టులు బ్యాగులోంచి తీయలేదు. బాబుకి కూడా అదే గుడ్డతో వదులు లాల్చీ కుట్టించాం.

మొన్న సాయంత్రం బారువ కూడా వెళ్లొచ్చాం. చాలా దూరం, వీడియో విడిగా పెడతాను. సూర్యాస్తమయం తర్వాత అరగంట అక్కడ కూర్చున్నాం, గాలి హాయిగా ఉంది.

ఇదిగో, వచ్చేశాం. తూర్పున ఎర్రటి గీత కనిపిస్తోందా? అలల చప్పుడు వినండి. ఇసుక ఇప్పుడు చల్లగా ఉంది, చెప్పులు విప్పి నడవచ్చు. నది కలిసే వైపు వెళ్లడం లేదు, అక్కడ లోపలి లాగుడు ఎక్కువని ఊళ్లోవాళ్లు చెప్పారు. మోకాలి లోతు దాటేది లేదు.

పాక దగ్గర ఆ పెద్దావిడ ఉంది. చల్ల క్యాన్ ఆవిడ కోసమే తెచ్చాం, అమ్మ గ్లాసులో పోసి ఇస్తోంది. ఆవిడ బాబు గడ్డం పట్టుకుని, “ఈరోజు బాగున్నావురా నాయనా” అంటోంది. ఆవిడ కొడుకులిద్దరూ గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద పనిచేస్తారట. “మీరూ దూరం దేశమే కదమ్మా” అని నన్ను పక్కన కూర్చోమంది.

సూర్యుడు పైకి వచ్చాడు. బాబు ఇసుకలో నిలబడి తన నీడ చూసుకుంటున్నాడు. పడవ దాకా సాగింది. “అమ్మా, ఇంకా చాలా పొడుగుంది, చాలాసేపు ఆడుకోవచ్చు” అంటున్నాడు. కెమెరా పక్కన పెట్టేస్తున్నానండీ, నేనూ నీళ్లలోకి వెళ్తాను.