డేటా ప్లేటు మీద ఎక్స్ కొట్టే ముందు

అందరికీ నమస్కారం. కెనడాలో పాత చిన్న విమానాల అమ్మకం ప్రకటనల్లో ‘ఓఎం’ అనే రెండక్షరాలు కనిపిస్తాయి. ఓనర్ మెయింటెనెన్స్, అంటే విమానం మరమ్మతులు ఓనరే చూసుకునే వర్గం అని అర్థం. అదే మోడల్, అన్నే గంటలు తిరిగిన ఇంకో విమానం కంటే ధర తక్కువ పలికిందంటే కారణం చాలాసార్లు ఆ రెండక్షరాలే.

మామూలు సర్టిఫైడ్ విమానంలో ఆయిల్ మార్చడం, ప్లగ్గులు శుభ్రం చేయడం లాంటి చిల్లర పనులు పైలట్ చేసుకోవచ్చు. అంతకు మించిన పనికీ, ఏడాది తనిఖీకీ లైసెన్సున్న ఏఎంఈ (విమాన మెయింటెనెన్స్ ఇంజినీర్) సంతకం కావాలి. ఓఎంలోకి మారితే ఇంజిన్ ఓవర్‌హాల్ కూడా ఓనరే చేసి, ఓనరే సంతకం పెట్టొచ్చు. అయితే ప్రతి విమానానికీ ఈ వీలు లేదు. విమానయానాన్ని చూసే ప్రభుత్వ శాఖ ట్రాన్స్‌పోర్ట్ కెనడా జాబితాలో ఆ మోడల్ ఉండాలి. ఎర్‌కూప్, లస్కూంబ్ 8, స్టిన్సన్ 108 లాంటి పాతకాలపువే అందులో ఎక్కువ. అద్దెకు తిప్పడం, డబ్బుకు ఎగరడం కుదరదు.

దీనివల్ల నిజంగా బాగుపడేది ఎవరంటే, విడిభాగాలు దొరకని విమానం ఉన్నవాళ్లు. స్టిన్సన్ 108లో ఉండే ఫ్రాంక్లిన్ ఇంజినే తీసుకోండి. దాని భాగాలకు సర్టిఫికెట్ కాగితంతో సహా వెతకాలంటే నెలలు పడుతుంది. ఓఎంలో ఆ కాగితం అక్కర్లేదు, సరిపోయే భాగాన్ని మీ పూచీ మీద బిగించుకోవచ్చు. ఏఎంఈ దగ్గర్లో లేని మారుమూల ఎయిర్‌స్ట్రిప్ వాళ్లకూ ఇది వరమే. లేబర్ ఖర్చు మిగులుతుందన్న ఒక్క లెక్కతో మారేవాళ్లను చూస్తే మాత్రం నాకు కొంచెం భయం.

ఎందుకో చెప్తాను. ఫలానా లోపాన్ని చూసి సరిచేయాలంటూ వచ్చే భద్రతా ఆదేశాలు, అంటే ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్‌లు, వాడుకలో ఏడీలు, ఓఎం విమానానికి తప్పనిసరి కావు. పైపర్ పీఏ-22 రెక్కను కింది నుంచి మోసే లిఫ్ట్ స్ట్రట్ అనే గొట్టం సంగతి చూడండి. సీల్ చేయని పాత స్ట్రట్‌లోకి చేరిన తేమ గొట్టం అడుగున నిలిచి లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. అందుకే దీనికి ఏడీ ఉంది. అడుగున 11 అంగుళాల మేర రంగు గీకేసి, మాల్ ఫ్యాబ్రిక్ టెస్టర్ అనే చేతి పరికరాన్ని దాని స్కేలు మీద 80 వచ్చేదాకా నొక్కుతూ కింది నుంచి పైకి రావాలి. ఎక్కడైనా సొట్ట కనిపించిందా, ఆ స్ట్రట్ ఇక పనికిరాదు. రంగేసి కప్పకూడదు, మార్చాల్సిందే. స్ట్రట్ చివర మర ఉన్న ఫోర్క్‌నూ విప్పి పగుళ్ల కోసం చూడాలి. ఓఎంలో ఈ పరీక్ష ఎందుకు చేయలేదని అడిగేవాళ్లుండరు. తుప్పుకేం, కాగితం చదివి ఆగదు కదా! ఓఎంలో ఉన్నా మోడల్‌కు వచ్చిన ఏడీలన్నీ ప్రింటు తీసుకుని ఒక్కొక్కటే చేసుకుంటూ పోవాలన్నది నా పట్టుదల.

సంతకం అధికారం వచ్చినంత మాత్రాన చెయ్యి తిరగదు. సిలిండర్ లీక్ పరీక్షలో 80 పీఎస్ఐ గాలి పెడితే 55 మాత్రమే నిలిచిందనుకోండి. మిగతా గాలి ఎటు పోతోందో చెవితో పట్టాలి. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్, కార్బురేటర్ వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్, ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు. గాలి పెట్టేటప్పుడు ప్రొపెల్లర్‌ను ఒకరు గట్టిగా పట్టుకోవాలి, లేకపోతే పిస్టన్ తోసి అది ఒక్కసారిగా తిరుగుతుంది. కొత్తవాళ్లు తడబడేది ఇంకా చిన్న చోట్ల: బోల్టు ఊడకుండా కట్టే సేఫ్టీ వైరును బోల్టును బిగించే వైపు కాకుండా వదులయ్యే వైపు లాగేలా చుట్టడం, గాళ్లున్న క్యాజిల్ నట్ తిరగకుండా దూర్చే కాటర్ పిన్ మరిచిపోవడం. కంట్రోల్ కేబుళ్లు విప్పి బిగిస్తే ఎయిలరాన్ (విమానాన్ని పక్కకు వాల్చే రెక్క చివరి పలక) సరైన వైపు కదులుతోందా అని మీరు కాక ఇంకొకరు చూడాలి.

ఓఎం అయినా ఏడాది తనిఖీ పోదు, లాగ్ బుక్కులు పోవు. రాడార్‌కు జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్ పరీక్షకు గుర్తింపున్న షాపుకే వెళ్లాలి.

ఇక అసలు చిక్కు. ఓఎంలోకి మారేటప్పుడు విమానం, ఇంజిన్, ప్రొపెల్లర్ డేటా ప్లేట్ల (వివరాలు చెక్కిన లోహపు రేకుల) మీద మోడల్, సీరియల్ నంబర్ల చివర ‘ఎక్స్’ అక్షరం చెరగకుండా కొట్టాలి. వెనక్కి రావాలంటే ప్రతి భాగమూ అసలు ప్రమాణానికి సరిపోతోందని నిరూపించాలి. ఆ ఖర్చుకు ఇంకో విమానం వస్తుందని జనం అనేది ఊరికే కాదు. ఓఎం విమానంలో అమెరికా గగనతలంలోకి వెళ్లడానికి అక్కడి విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఒప్పుకోదు. టొరంటో నుంచి బఫెలోకి శనివారం సరదాగా వెళ్లొద్దామనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవాలి. అమ్మేటప్పుడు అమెరికా కొనుగోలుదారులూ దూరమవుతారు.

ఒప్పుకునే ఏఎంఈ దొరికితే వచ్చే రెండు ఏడాది తనిఖీలు ఆయన పక్కన నిలబడి మీ చేత్తో చేయండి, సంతకం ఆయన్ను పెట్టనివ్వండి. బిల్లు సగానికి తగ్గితే ఓఎం అవసరమే రాకపోవచ్చు. అయినా మారాలనిపిస్తే ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర రాతపూర్వకంగా జవాబు తెచ్చుకున్నాకే పంచ్, సుత్తి చేతికి తీసుకోండి.