తనంతట తానే మడుచుకునే షీట్

[తెరపై: ఎండిన చెరువు అడుగు]

వేసవిలో ఎండిపోయిన చెరువు అడుగు గుర్తుందా? మట్టి పెచ్చులు అంచుల దగ్గర పైకి లేచి ఉంటాయి. పైపొర ముందే ఆరి కుంచించుకుపోతుంది, కింద ఇంకా తడి ఉంటుంది. ఆ తేడాకే పెచ్చు వంగుతుంది. ఇప్పుడు చూడబోయే షీట్ మడుచుకునేదీ ఇలాంటి తేడా వల్లే.

[దీపం కింద ప్లాస్టిక్ షీట్, దానిపై నల్ల గీతలు]

ఇది సాగదీసి, సాగినట్టే చల్లార్చిన పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్. వేడి తగిలితే చాలు, కుంచించుకుపోతుంది. 2011లో అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో మైఖేల్ డికీ, యాన్ గెంజర్ బృందం మామూలు ఇంక్‌జెట్ ప్రింటర్‌తో దానిమీద నల్ల గీతలు ప్రింట్ చేసి దీపం కింద పెట్టింది. నలుపు ఎక్కువ వెలుతురు పీల్చుకుంటుంది కాబట్టి గీత ఉన్నచోటే వేడెక్కుతుంది. అక్కడ పైభాగం కుంచించుకుని షీట్ దీపం వైపు లేస్తుంది. గీత వెడల్పు పెంచితే మడత కోణం కూడా పెరుగుతుంది. అదే గీత అడుగున ప్రింట్ చేస్తే మడత రెండో వైపుకు తిరుగుతుంది.

ఇక్కడ వేగం చాలా ముఖ్యం. నెమ్మదిగా వేడిచేస్తే మందం మొత్తం ఒకేలా వేడెక్కి, షీట్ చదునుగానే చిన్నదైపోతుంది. మడత రాదు.

[తెరపై: ఒకే బిందువు దగ్గర కలిసే నాలుగు గీతలు]

ఇక నాకు బాగా ఇష్టమైన భాగం, జ్యామితి. నాలుగు మడతలు ఒక బిందువు దగ్గర కలిస్తే, కాగితం పూర్తిగా చదునుగా మడవాలంటే ఒకటి విడిచి ఒకటి తీసుకున్న కోణాల మొత్తం 180 డిగ్రీలు కావాలి. పైకి లేచే మడతల సంఖ్యకూ లోపలికి దిగే మడతల సంఖ్యకూ మధ్య తేడా ఎప్పుడూ రెండే. చేత్తో మడిచేటప్పుడు వేళ్లే దారి చూపిస్తాయి. షీట్‌కు వేళ్లు లేవు కదా! చదునుగా ఉన్న క్షణంలో దాని ముందు ఒకటికంటే ఎక్కువ దారులుంటాయి. అన్ని గీతలూ ఒకేసారి కదిలితే తప్పుదారి పట్టి ఇరుక్కుపోవచ్చు.

అందుకే వరుస కావాలి. 2017లో డికీ, గెంజర్ బృందమే రంగు ఇంకులు వాడింది. ఒక్కో రంగు ఇంకు ఒక్కో రంగు వెలుతురును బాగా పీల్చుకుంటుంది.

[ఒక రంగు దీపం వెలుగుతుంది. ఒక గీత మడుస్తుంది. రంగు మారుతుంది. అప్పటిదాకా కదలని గీత మెల్లగా లేస్తుంది.]