కేథలిక్ పెళ్లికి వెళ్తున్నారా? ఆ వరుసలో మాత్రం నిలబడకండి

పెళ్లి పిలుపు అందుకుని చర్చికి వెళ్లారు. పూజ మధ్యలో అందరూ లేచి వరుస కట్టారు, మీరూ కట్టారు. ఫాదర్‌గారు చేతిలో పలుచటి తెల్లని అప్పం పెట్టారు. కళ్లకద్దుకుని, ఇంట్లో పిల్లలకు ఇద్దామని జేబులో వేసుకున్నారు. వెనకాలే ఉపదేశిగారు (చర్చిలో ఫాదర్‌గారికి సాయపడే పెద్ద) పరుగో పరుగు!

మిమ్మల్నేం అనను. ప్రసాదం పెడితే కాదనకూడదని పెరిగినవాళ్లం. నా కోపమల్లా పత్రిక వేయించినవాళ్ల మీద. ‘పెళ్లి పూజ ఉదయం 10 గంటలకు’ అని బంగారు అక్షరాల్లో కొట్టిస్తారు, దాని కింద ‘అప్పం కేథలిక్కులకు మాత్రమే’ అన్న ఒక్క ముక్క వేయించరు.

ఆ అప్పమే దివ్య సత్ప్రసాదం, కేథలిక్కుల విశ్వాసంలో సాక్షాత్తూ క్రీస్తు శరీరమే. కేథలిక్కుల్లోనే అందరూ తీసుకోరు. పెద్ద పాపం ఉంటే ముందు పాపసంకీర్తనం చేయాలి, అంటే ఫాదర్‌గారి దగ్గర పాపాలు ఒప్పుకోవాలి. తీసుకునే ముందు కనీసం గంటసేపు ఏమీ తినకూడదు. మంచినీళ్లు, మందులు పర్లేదు.

ఓటుతో పోల్చి చూడండి. మీ పేరు గుంటూరు జాబితాలో ఉంటే తెనాలి బూత్‌లో ఓటు వేయలేరు. అందుకని తెనాలివాళ్లు మిమ్మల్ని తక్కువ చేసినట్టా? కాదుగా! ఇక్కడ చిక్కేమిటంటే, ఈ బూత్‌లో కార్డు అడిగేవాళ్లుండరు. ఫాదర్‌గారు ‘క్రీస్తు శరీరం’ అంటారు, ‘ఆమెన్’ అంటే పెట్టేస్తారు. తెలుసుకుని ఆగాల్సింది మీరే.

‘మేమూ క్రైస్తవులమేగా’ అంటారు గుంటూరు లూథరన్లు, ఒంగోలు బాప్టిస్టులు లాంటి వేరే శాఖలవాళ్లు. నిజమే, ఓటుంది, కాకపోతే వేరే బూత్‌లో. 1983 నాటి కేథలిక్ చర్చి చట్టంలో 844వ నియమం ఈ సంగతే చెబుతుంది. మినహాయింపులున్నాయి గానీ, పెళ్లికి వచ్చినంత మాత్రాన ఎవరూ వాటి కిందికి రారు.

మరి అప్పుడేం చేయాలి? హాయిగా కూర్చోండి. బెంచీ చివర ఉంటే కాళ్లు పక్కకు తీసుకుని లోపలివాళ్లకు దారివ్వండి. పొరపాటున అప్పం చేతిలో పడితే, ‘నేను కేథలిక్కును కాదండీ’ అని అక్కడికక్కడే ఫాదర్‌గారికి ఇచ్చేయండి. పర్సులోకి, రుమాల్లోకి అస్సలు వద్దు.

అన్నట్టు, వధూవరుల్లో ఒకరికి జ్ఞానస్నానం (బాప్తిస్మం) లేకపోతే బిషప్‌గారి అనుమతితో పెళ్లి చేస్తారు. అప్పుడు మామూలుగా బలిపూజ (అప్పం పంచే పూజ) ఉండదు: బైబిలు పఠనాలు, ప్రసంగం, పెళ్లి, ఆశీర్వాదం. ఆ రోజు ఆ బూత్‌లో పోలింగే లేదన్నమాట.

రెండో తలనొప్పి, తాళి. మనవైపు కేథలిక్ పెళ్లిళ్లలో తాళి ఉంటుంది, సిలువ గుర్తుతో. అతిథులు దానికోసమే ఎదురుచూస్తూ అంతవరకూ కబుర్లలో పడతారు. చర్చి లెక్కలో పెళ్లి జరిగేది ప్రమాణాల దగ్గర! ఫాదర్‌గారి ముందు, ఇద్దరు సాక్షుల ముందు ఇద్దరూ నోటితో ‘అంగీకరిస్తున్నాను’ అన్న క్షణాన. ఉంగరాలు, తాళి ఆ తర్వాతే. ప్రసంగం అయ్యాక వధూవరులు లేచి నిలబడ్డారంటే కబుర్లు ఆపేయండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. పత్రికలో 10 అంటే 9:45కే లోపల ఉండండి. ఆలస్యమైతే పెళ్లికూతురి వెనకాల మధ్య దారిలో నడవకండి, పక్క గుమ్మం చూసుకోండి. పల్లె చర్చిల్లో చెప్పులు బయటే, ఆడవాళ్లొకవైపు, మగవాళ్లొకవైపు. ఆడవాళ్లు కొంగు తలమీద వేసుకుంటే బాగుంటుంది. అందరూ లేస్తే లేవండి, మోకరిస్తే మీరు కూర్చున్నా ఎవరూ ఏమనుకోరు. అప్పాన్ని, పాత్రను పైకెత్తి గంట కొట్టేటప్పుడు ఫోన్ దించేయండి, ఫొటోగ్రాఫర్లూ బలిపీఠం మెట్లెక్కొద్దు. అక్షింతలు లోపల చల్లకండి, నున్నటి బండల మీద బియ్యం గింజలకు కాలు జారుతుంది. చల్లాలనుంటే పూలరేకులు, అదీ గుమ్మం బయట. చివరి ఆశీర్వాదం అవగానే భోజనాలకు పరిగెత్తకండి, రిజిస్టర్‌లో సంతకాలవుతుంటాయి, వధూవరులు అప్పుడే రారు. కానుకల కవర్లు మాత్రం చర్చిలో ఇవ్వొద్దు, విందు దగ్గర ఇవ్వండి.