పరిచర్యల రద్దీలో ప్రార్థన

సంఘ పెద్దలకు, సండే స్కూలు ఉపాధ్యాయులకు, క్వయర్ సభ్యులకు, స్త్రీల సమాజపు సహోదరీలకు వందనములు.

ప్రార్థనలో మనసు నిలవడం లేదని ఎవరైనా అంటే ఈ రోజుల్లో మనం ముందుగా వేలెత్తి చూపేది ఫోనునే. ఫోనును వెనకేసుకురావాలని నాకేమీ లేదు గాని, నేరమంతా దానిమీద మోపితే అసలు సంగతి మన చేతికి చిక్కదు. లూకా సువార్త పదవ అధ్యాయంలో మార్త ఇంట ఫోను లేదు. ఆమెను తొందరపెట్టినది సాక్షాత్తు ప్రభువుకు చేస్తున్న ఆతిథ్యమే. మన ధ్యాన సమయాన్ని పాపం, వినోదం మింగేదానికంటే, దేవుని పేరిట మనం నెత్తిన వేసుకున్న మంచి పనులు మింగేదే ఎక్కువని ఈ సాయంకాలం మీతో చెప్పదలచాను.

మార్త ఫిర్యాదును నిదానంగా చదవండి. పని ఎక్కువైందని చెప్పి ఊరుకోలేదామె. "నీకు చింతలేదా?" అని ప్రభువునే నిలదీసింది, పాదాలయొద్ద కూర్చున్న సహోదరిని తప్పుపట్టింది, ఆపైన ఆ సహోదరితో ఏమి చెప్పాలో కూడా ఆయనకు తానే చెప్పింది. సేవ చేయబోయిన మనిషి, సేవ అందుకొనేవానికే ఆజ్ఞాపించే స్థితికి వచ్చింది. డిసెంబరు వచ్చేసరికి సెమీ క్రిస్మస్ ఏర్పాట్లు, నాటిక రిహార్సల్సు, భోజనాల లెక్కల నడుమ మన కమిటీలలో వినిపించే గొంతులో మార్త గొంతును పోల్చుకోవడం ఏమంత కష్టం కాదు. వంటలో దోషమేమీ లేదు. 1691లో మరణించిన సహోదరుడు లారెన్స్ అనే సన్యాసి పారిస్‌లోని కర్మెల్ మఠపు వంటశాలలో, స్వతహాగా తనకు గిట్టని ఆ పనిలోనే, ఏండ్ల తరబడి దేవుని సన్నిధిని అభ్యసించాడు. మార్త చేతిలోని పని ఆమె మనసంతటినీ ఆక్రమించింది. చిక్కు అక్కడ వచ్చింది.

ఈ చిక్కును అందరికంటే సూక్ష్మంగా పరిశీలించినవారు ఈజిప్టు ఎడారి సన్యాసులు. కాన్‌స్టాంటినోపుల్‌లో డీకనుగా పేరు తెచ్చుకొని, ఆ వైభవాన్ని విడిచి ఎడారికి చేరి, 399లో మరణించిన ఎవాగ్రియస్, ప్రార్థించేవానిని పట్టపగలు పీడించే ఒక దయ్యాన్ని గూర్చి వ్రాశాడు. అది పట్టినప్పుడు సూర్యుడు కదలనట్టు, పగలు యాభై గంటలు సాగుతున్నట్టు తోస్తుందట. సన్యాసి మాటిమాటికి కిటికీవైపు చూస్తాడు, ఎవరైనా వస్తున్నారేమోనని బయట తొంగిచూస్తాడు, ఉన్నచోటు మీద అసహ్యం పెంచుకొంటాడు. ఆ ఎడారిలో కొంతకాలం గడిపి, తరువాత గాల్ దేశంలో, అంటే నేటి ఫ్రాన్సులో, స్థిరపడిన జాన్ కాసియన్ దీనికి మరింత పదునైన సంగతి చేర్చాడు. అటువంటి వేళ సన్యాసికి దూరాన ఉన్న ఒక రోగి జ్ఞాపకం వస్తాడు, దిక్కులేని ఒక భక్తురాలిని పరామర్శించవలసి ఉందని తోస్తుంది, గదిలో ఊరకే కూర్చోవడంకంటె అదే పుణ్యమని అనిపిస్తుంది. పదహారు వందల ఏండ్ల నాటి ఈ వర్ణనలో ఎడారిని తీసివేస్తే మిగిలేది, వాక్యం తెరిచిన పది నిమిషాలకే సంఘపు వాట్సాప్ గ్రూపులో ఎవరికో వెంటనే జవాబివ్వాలని లేచే మనమే.

అయితే రోగులను విడిచిపెట్టాలా? మార్కు మొదటి అధ్యాయం ఈ ప్రశ్నను సులువుగా దాటనివ్వదు. కపెర్నహూములో సాయంకాలం పట్టణమంతా వాకిట కూడివచ్చింది, ప్రభువు అనేకులను స్వస్థపరచాడు. మరునాడు ఇంకను చాలా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడు. అందరూ నిన్ను వెదకుచున్నారని సీమోను వచ్చి చెప్పాడు. ఆ వెదకేవారి అవసరం నిజమైనదే, అయినా ప్రభువు సమీప గ్రామాలకు వెళ్దాం, అక్కడ కూడా ప్రకటించాలి అన్నాడు. ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించినది జనం ఒత్తిడి కాదు. తాను ఎందుకు బయలుదేరి వచ్చాడో ఆయనకు స్పష్టంగా తెలుసు, ఆ స్పష్టత ప్రార్థన తరువాత పలికిన మాటలో కనబడుతుంది.

కనుక నిండిన కార్యక్రమ పట్టికలోకి ప్రార్థనను మరొక కార్యక్రమంగా ఇరికించడం వృథా. ఏదో ఒకటి తీసివేయక తప్పదు. వచ్చే ఏడాది ప్రణాళిక వేసేటప్పుడు మన కమిటీ కొత్త కూటం ఒకటి చేర్చేముందు పాతది ఒకటి కొట్టివేయాలని నా సూచన. కొందరికి ఇది రుచించదు, తెలుసు. కూటముల సంఖ్యనుబట్టి సంఘం జీవాన్ని కొలిచే అలవాటు మనలో బలంగా ఉంది. వ్యక్తిగతంగానైతే, ఖాళీ దొరికినప్పుడు ప్రార్థిద్దామనుకొనేవారికి ఆ ఖాళీ దొరకదు. బబులోనులో రాజ్యాధికారం చేస్తున్న దానియేలుకు మనకంటె పని తక్కువేమీ కాదు, అయినా దినమునకు ముమ్మారు మోకాళ్లూనేవాడు.

రాత్రి డ్యూటీ చేసే నర్సులు, చంటిబిడ్డల తల్లులు ఈ మాట విని నొచ్చుకోవచ్చు. వారికి కాసియన్ వద్దనే ఒక ఉపాయముంది. "దేవా, నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము" అని మొదలయ్యే డెబ్బయ్యవ కీర్తన మొదటి వచనాన్ని పనిలో, ప్రయాణంలో, నిద్రకు ముందు మరల మరల పలకమని ఎడారి పెద్దలు నేర్పినట్టు ఆయన వ్రాశాడు. మోకాళ్లూనినప్పుడు మనసు ఎటో పోయినా, తనను తాను తిట్టుకొంటూ కూర్చోక, ఆ ఒక్క వచనంతో దానిని వెనుకకు పిలుచుకోవచ్చు. సమయం చాలినంత ఉన్నవారు మాత్రం దీన్ని దగ్గరదారిగా వాడుకోకూడదు. కాసియన్ దీన్ని వ్రాసినది రోజుకు అనేక గంటలు ప్రార్థించే సన్యాసులకోసం.