బండి కైఫీయతు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు వరుసగా చదవమని ఒక చీటీ ఇచ్చారు. అందులో పదకొండు పేర్లున్నాయి. పెద్దలు క్షమించాలి, ఎండ ముదురుతోంది, పిల్లలు హెల్మెట్లు నెత్తిన పెట్టుకుని నీడ చేసుకుంటున్నారు. అందరికీ కలిపి ఒకటే దండం. ఆ వెనక ఆర్‌ఎక్స్ బండి స్టార్ట్ చేసిన బాబూ, ఒక పావుగంట ఆపు నాయనా. ఆ చప్పుడు నాకూ ఇష్టమే. అది వింటే చెప్పాల్సింది మర్చిపోతాను, అదీ బాధ.

పాత జపాన్ బండ్ల రిజిస్ట్రేషన్ చరిత్ర ఎట్లా వెతికి పట్టుకోవాలో చెప్పమన్నారు. ఇరవై నిమిషాలిచ్చారు. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పినవాడికి ఇరవై నిమిషాలు హాజరు వేయడానికే సరిపోతాయి. అయినా చూస్తాను.

సోషల్ అయ్యవారిని కదా, చరిత్రతోనే మొదలుపెడతాను. రెండు వందల ఏళ్ల కిందట కల్నల్ మెకంజీ అనే సర్వేయరు మన సీమలో మనుషుల్ని పెట్టి ఊరూరా తిప్పాడు. వాళ్లు కరణాల దగ్గర కూర్చుని, దండకవిలెలు, అంటే ఊరి పాత లెక్కల పుస్తకాలు, చూసి, ఈ ఊరు ఎవరు కట్టారు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయింది, చెరువు ఎవరు తవ్వించారు అని రాసుకున్నారు. వాటినే కైఫీయతులంటాం. బండికి కూడా ఒక కైఫీయతు ఉంటుంది. దాని పేరు ఆర్‌సీ బుక్కు. మీరేమో దాన్ని పోలీసు ఆపినప్పుడు చూపించే కాగితం అనుకుంటున్నారు. ఎవరు కొన్నారు, ఏ బ్యాంకు అప్పిచ్చింది, ఎప్పుడు తీరింది, ఎవరికి అమ్మారు, ఏ ఊరికి పోయింది, అన్నీ అందులో ముద్రలు పడి ఉంటాయి. ముద్రలు పడి ఉండాలి, అనాలి. ఉండవు. ఎందుకుండవో తర్వాత చెప్తాను. అది చెప్పడానికే వచ్చాను నిజానికి.

జపాన్ బండి అంటే మన కర్నూల్లో ఏమిటి? యోకోహామా రేవు నుంచి ఓడ దిగిన బండి కాదు. 1980ల మొదట్లో ప్రభుత్వం విదేశీ కంపెనీలతో కలిసి చిన్న బండ్లు చేసుకోవడానికి తలుపు తీసింది. 1984లో హోసూరు నుంచి సుజుకి ఏఎక్స్ 100 వచ్చింది. 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడు ఇదిగో మీ అందరి ముద్దుబిడ్డ ఆర్‌ఎక్స్ 100. తర్వాత బజాజ్ వాళ్ల కవాసాకి కేబీ 100. వీటన్నిటికన్నా ముందు, 1983లో, ఎస్కార్ట్స్ వాళ్లు యమహా ఆర్‌డీ 350ని ఇక్కడ రాజ్‌దూత్ పేరుతో దించారు. రెండు సిలిండర్లు, 347 సీసీ, ఆరు గేర్లు. అప్పటికి మన ఊళ్లో అంత బండి ఎవరూ చూడలేదు. పెట్రోలు తాగడం చూసి బంకువాడు కూడా జాలిపడేవాడు. ఇవాళ ఇక్కడ ఎనభై బండ్లుంటే ఆర్‌డీలు రెండే ఉన్నాయి, ఆ వేపచెట్టు కింద. వచ్చినప్పటి నుంచి నా కళ్లు అక్కడే ఉన్నాయి.

సరే, పద్ధతి చెప్తాను, రాసుకోండి. బండి మీద మూడు నంబర్లుంటాయి. ప్లేటు మీదిది ప్రభుత్వం ఇచ్చింది. మెడ మీద, అంటే హ్యాండిల్ కింద ఫ్రేము మీద కొట్టింది చాసిస్ నంబరు. క్రాంక్ కేసు, అంటే ఇంజన్ డొక్కు, మీద ఉన్నది ఇంజన్ నంబరు. ప్లేటు నంబరు మారుతుంది. ఇంజన్ మారుతుంది. మెడ మీది నంబరు ఒక్కటే బండి ప్రాణం. జపాన్‌లో కూడా అంతే. 1969లో వచ్చిన హోండా సీబీ 750కి ఫ్రేము నంబర్లు 1000001 దగ్గర మొదలయ్యాయి, ముందు సీబీ 750 అని ఉంటుంది. కవాసాకి జడ్ 1కి ఫ్రేము మీద జడ్ 1 ఎఫ్ అనీ ఇంజన్ మీద జడ్ 1 ఈ అనీ వేరువేరుగా కొట్టారు. ఎందుకంటే రెండూ విడిపోతాయని వాళ్లకు ముందే తెలుసు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, రెండూ విడిపోతాయి.

ఇక ప్లేటు. 1989 జూలై 1న కొత్త మోటారు వాహనాల చట్టం అమల్లోకి వచ్చింది. అంతకుముందు మూడు అక్షరాలు, వెనక అంకెలు, అంతే. తర్వాత కర్నూలుకు ఏపీ 21 వచ్చింది, అనంతపురానికి 02, కడపకు 04. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే 39 వచ్చింది, నంబరు చూసి ఊరు చెప్పే సరదా కూడా పోయింది. ఎవరైనా మీకు 1986 బండి అని చెప్పి ఏపీ 21 ప్లేటు చూపిస్తే చప్పట్లు కొట్టకండి. దాని వెనక ఇంకో నంబరు, ఇంకో ఊరు ఉన్నాయేమో అడగండి. వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఉంటే అక్కడి ఆర్టీఓ ఆఫీసు ఇచ్చిన ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, ఉండాలి, ఫారం 28.

తర్వాత ఆర్టీఓ ఆఫీసుకు పోయి బి-రిజిస్టర్ ఎక్‌స్ట్రాక్ట్, అంటే వాళ్ల రిజిస్టర్లో మీ బండి గురించి ఉన్నదాని నకలు, అడగాలి. ఫోన్లో చూస్తే సరిపోదా సార్ అని ఇందాక ఒక అబ్బాయి అడిగాడు. ఫోన్లో ఓనరు పేరు చుక్కలు చుక్కలుగా వస్తుంది. అయితే ఒకటి కనిపిస్తుంది, ఓనరు సీరియల్ నంబరు, అంటే ఎన్నో ఓనరన్నది. నలభై ఏళ్ల బండికి, ఎనిమిది చేతులు మారిన బండికి, అక్కడ ఒకటి అని ఉంటే మీకు ఏమనిపించాలి? పాత పుస్తకం అసలు కంప్యూటర్లోకి ఎక్కకపోతే ముందు బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించుకోవాలి, అంటే పాత రికార్డు కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలి. దానికి ఒరిజినల్ ఆర్‌సీ కావాలి. మీ తాతల ఆర్‌సీలు ఎక్కడున్నాయి?

మా ఇంట్లో కాగితాలు ఎక్కడున్నాయో చెప్తాను. 2009 అక్టోబర్ 2, గాంధీ జయంతి. జెండా దగ్గరికి పోదామని చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి పాతబస్తీ మీదికి వచ్చాయి. మేం మిద్దె ఎక్కాం. కింద మంచం కింద ట్రంకు పెట్టె ఉండిపోయింది. మీలో చాలామందికి ఆ రోజు గుర్తుంటుంది, గుర్తులేని వాళ్లు ఇంట్లో అమ్మనడగండి. నీళ్లు తీశాక పెట్టె తెరిస్తే నా డిగ్రీ సర్టిఫికెట్టు, మా నాయన పాసుపుస్తకం, పెళ్లి ఫోటోలు, అన్నీ ఒకే ముద్ద. సిరా ఏదీ నిలవలేదు. ఒక్క కాగితం మీద ఒక్క గీత నిలిచింది. మా అన్న 1985లో బండి కొన్నప్పుడు బ్యాంకు అప్పు కాగితాల నకలు అది. దాని మీద చాసిస్ ప్రింటు అంటించి ఉంది. తెలుసు కదా, మెడ మీద టేపు వేసి పెన్సిల్‌తో రుద్ది తీస్తారు. శాసనాల వాళ్లు రాతి మీద తడి కాగితం వేసి సిరా అద్ది నకలు తీసినట్టే. టేపు మీద పెన్సిల్ బొగ్గు. వరద దాన్ని ఏమీ చేయలేకపోయింది.

ఆ కాగితం దొరికినప్పుడు మా అన్న పక్కనే ఉన్నాడు. చూసి నవ్వి, "ఇంకా దాన్ని పట్టుకుని తిరుగుతున్నావేంరా" అన్నాడు.

నాకిచ్చిన అంశం నుంచి పక్కకు పోతున్నాను, తెలుసు. ఆర్గనైజర్ అబ్బాయి గడియారం చూపిస్తున్నాడు. చూపించనీ.

మా అన్న బండి రాజ్‌దూత్ 350. అది తెచ్చిన రోజు మా వీధిలో కొండారెడ్డి బురుజు చూడ్డానికి వచ్చినట్టు వచ్చారు జనం. నేను దాని మీద వెనక సీటులోనే తిరిగాను, నడపనిచ్చేవాడు కాదు. 1993లో పిల్లల చదువుల కోసం అమ్మేద్దామన్నాడు. బేరం తెచ్చింది నేనే. ఆదోని బ్రోకరు. డబ్బు చేతిలో పెట్టి, బండి పేరు మార్చే ఫారం 29, ఫారం 30 తీసి, "సంతకాలు పెట్టండన్నా, పేరు, తేదీ మేం రాసుకుంటాం, పార్టీ ఇంకా కుదరలేదు" అన్నాడు. మా అన్న పెన్ను పట్టుకుని ఆగాడు. తేదీ లేకుండా ఎట్లారా అన్నాడు. అయ్యవారిని కదా, నాకన్నీ తెలుసు. "అందరూ ఇట్లాగే చేస్తారులే అన్నా, పెట్టు" అన్నాను. పెట్టాడు.

ఆరేళ్ల తర్వాత, 1999లో, పక్క జిల్లా కోర్టు నుంచి మా అన్నకు సమన్లు వచ్చాయి. ఆ బండి ఒక మనిషిని గుద్దింది. నడిపినవాడు పారిపోయాడు. ఇన్సూరెన్సు లేదు. రిజిస్టర్లో ఓనరు పేరు చూస్తే మా అన్నది. అమ్మేశానని చెప్పాడు. ఎవరికి అమ్మారు? కాగితం ఏది? బ్రోకరు అప్పటికి ఆదోనిలో లేడు. నాలుగేళ్లు వాయిదాలకు తిరిగాడు. చివరికి ఎకరం చిల్లర భూమి అమ్మి పరిహారం కట్టాడు. చట్టం చాలా తేటగా ఉంది. అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో ఆఫీసుకు తెలియజేయాలి, కొన్నవాడు ముప్పై రోజుల్లో. రిజిస్టర్లో పేరున్నవాడే ఓనరు అని 2018లో సుప్రీంకోర్టు కూడా స్పష్టంగా చెప్పింది. ఆ మాట మా అన్నకు సొంత డబ్బుతో అంతకుముందే తెలిసింది.

అన్న నన్ను ఒక్కనాడు కూడా ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

2012లో ఆయన పోయాడు. ఆ తర్వాతే నేను ఆ బండి వెంట పడ్డాను. మీరంతా మీ బండి పూర్వీకుల కోసం వెతుకుతారు. నేను పోయిన బండి కోసం వెతికాను. బండి కావాలని కాదు. మా అన్న సంతకం ఎవరి చేతుల్లో తిరిగిందో తెలుసుకోవాలని. ఆదోని పత్తి యార్డులో ఒక పెద్దాయన చెప్పాడు, ఫలానా కమీషన్ కొట్టువాళ్ల అబ్బాయి నడిపేవాడని. ఆ అబ్బాయికి ఇప్పుడు నెత్తి నెరిసింది. "నా పేరు మీద లేదు సార్, ఫారాలు అట్లే ఇచ్చినాం" అన్నాడు. ఎవరికి? గుంతకల్లులో రైల్వే ఆయనకు. ఆయన బళ్ళారిలో ఒకరికి. రాష్ట్రం దాటినా ఎన్‌ఓసీ లేదు. అదే రెండు కాగితాలు, అదే సంతకం, జిరాక్సు మీద జిరాక్సు. ప్రతివాడూ మర్యాదగా టీ ఇచ్చాడు. ఒక్కరి పేరూ ఏ రిజిస్టర్లోనూ లేదు. ఎనిమిది మంది అన్నాను చూడండి ఇందాక, లెక్కపెట్టే అన్నాను.

ఇంగ్లాండులో అయితే వీ 888 అనే ఫారం నింపి, కారణం రాసి, రుసుము కట్టి బండి పాత వివరాలు అడగొచ్చు. పాత జపాన్ బండ్లకే అక్కడ ఒక క్లబ్బు ఉంది, ఫ్రేము నంబరు చూసి ఏ ఏటి బండో సర్టిఫికెట్టు రాసిస్తుంది. మనకు కూడా 2021లో వింటేజ్ రూల్సు వచ్చాయి. యాభై ఏళ్లు నిండి, మార్పులు చేయని బండికి మధ్యలో వీఏ అని ఉండే నంబరు, ఇరవై వేల ఫీజు, పదేళ్లు చెల్లుబాటు. మా అన్న బండికి 2035లో వస్తుంది. అప్పటికి నాకు డెబ్బై ఎనిమిది. ఫీజు దాచిపెట్టుకుంటాను.

2016లో గుంతకల్లులో ఒక మెకానిక్ షెడ్డు అటక మీద ఫ్రేము దొరికింది. ఒట్టి ఫ్రేము. చక్రాల్లేవు, ట్యాంకు లేదు. మెడ మీద గ్రీజు, దుమ్ము, పెయింటు మూడు పొరలు. కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. ఆ మెకానిక్ భాయ్ చూసి, "ఏంది అయ్యోరా, ఇనుముకు అభిషేకం చేస్తాండావు" అన్నాడు. టేపు వేసి పెన్సిల్‌తో రుద్దాను. వరదలో తడిసిన కాగితం పక్కన పెట్టాను. అంకె అంకె సరిపోయింది. అక్కడే నేల మీద కూర్చున్నాను. భాయ్ ఏమీ అడగలేదు, నీళ్లు తెచ్చిచ్చాడు.

ఫ్రేము ఇప్పుడు మా ఇంట్లో ఉంది. భాయ్ డబ్బు తీసుకోలేదు, రాసిచ్చిన కాగితం మీద మాత్రం తేదీ వేయించుకున్నాను. రిజిస్టర్లో పేరు ఇప్పటికీ మా అన్నదే. వారసుల పేరు మీదికి మార్చడానికి ఫారం 31 పెట్టాం, మా వదిన సంతకంతో. అది ఇంకా తిరుగుతోంది, అది వేరే కథ.

ఇంజన్ లేదు. "ఎప్పుడో అమ్మేసినా అయ్యోరా, ఎవరో ఆర్‌డీ కట్టుకుంటాండే పిల్లగాడు కొనుక్కపాయె" అన్నాడు భాయ్. పిల్లగాడంటే ఇప్పుడు నలభై దాటి ఉంటాడు.

ఇంకో రెండు నిమిషాలే, బాబూ. ఆ వేపచెట్టు కింద రెండు ఆర్‌డీల వాళ్లున్నారు కదా, మీకూ, ఇక్కడున్న మెకానిక్కులందరికీ ఒక మనవి. ఆర్‌సీలో ఇంజన్ నంబరుకూ క్రాంక్ కేసు మీద నంబరుకూ తేడా ఉన్న ఆర్‌డీ ఏదైనా మీకు తెలిస్తే నాకు చెప్పండి. మా అన్న ఇంజన్ నంబరు చివరి నాలుగంకెలు రాసుకోండి: 2816. ఇంజన్ మీ దగ్గరే ఉంచుకోండి, నాకు వద్దు. ఎవరి దగ్గర కొన్నారో ఆ పేరు చెప్పండి చాలు. టేపు, పెన్సిల్ జేబులోనే ఉన్నాయి. మైకు ఇచ్చేసి నేను అటే వస్తున్నాను.