పాతిక డాలర్ల ర్యూ బొమ్మ కొనొచ్చా? మూడు వారాల తర్వాత నా మాట

అందరికీ నమస్కారం. నా చేతిలో ఉన్న ఈ బొమ్మ పెట్టె విప్పి ఇవాళ్టికి మూడు వారాలు. విప్పిన రోజే వీడియో చేసి ఉంటే అద్భుతం, కళ్ళు మూసుకుని కొనేయండి అనేవాణ్ణి. కొత్త బొమ్మ కొత్త అల్లుడి లాంటిది, మొదటి వారం ఏ లోపమూ కనపడదు. అందుకే ఆగాను.

ఇది స్ట్రీట్ ఫైటర్ అనే కొట్లాట వీడియో గేమ్‌లోని కరాటే వీరుడు ర్యూ. చేసింది అమెరికా కంపెనీ జాడా టాయ్స్. 2023లో ర్యూ, చున్-లీ, ఫెయ్ లాంగ్, ఈ ముగ్గురితో ఈ వరుస మొదలుపెట్టారు. పెట్టె మీద పేరు అల్ట్రా స్ట్రీట్ ఫైటర్ 2 అని ఉంటుంది, అంటే 2017లో నింటెండో స్విచ్ అనే గేమ్ పరికరం మీద వచ్చిన గేమ్. మనలో చాలామందికి గుర్తున్నది మాత్రం ఈ గేమ్ చేసిన జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1991లో తెచ్చిన, బిళ్ళ వేసి ఆడే మెషిన్. మా గుంటూరు బ్రాడీపేటలో వీడియో గేమ్ షాపు ఒకటుండేది. రూపాయి బిళ్ళ చేతిలో చెమట పట్టేదాకా పట్టుకుని మన వంతు కోసం నిలబడేవాళ్ళం. ర్యూ రెండు అరచేతులతో విసిరే నీలి బంతి పేరు హదోకెన్. అలా సరిగ్గా పలికేవాడు ఒక్కడూ లేడు, అందరికీ అది "ఆడూకెన్". జపాన్ వాళ్ళు వింటే ఏమనుకునేవాళ్ళో.

సరే, బొమ్మ దగ్గరికి వద్దాం. కొంచెం దగ్గరగా పెడతాను, చూడండి.

ఇది పన్నెండో వంతు సైజు, అంటే అసలు మనిషి ఎత్తులో పన్నెండో వంతు. ర్యూ ఎత్తు క్యాప్‌కామ్ లెక్కలో 175 సెంటీమీటర్లు. పన్నెండుతో భాగిస్తే పద్నాలుగున్నర సెంటీమీటర్ల చిల్లర, ఆరంగుళాలకి కాస్త తక్కువ. అందుకే వీటిని ఆరంగుళాల బొమ్మలంటారు. మీ దగ్గర వేరే కంపెనీల పన్నెండో వంతు బొమ్మలుంటే వాటి పక్కన నప్పుతాడు, మరుగుజ్జులా కనపడడు. పెట్టెలో బొమ్మతో పాటు అరుస్తున్న ముఖంతో ఇంకో తల, మార్చుకునే చేతులు, నీలం రంగు హదోకెన్ ఉంటాయి.

ఇలాంటి బొమ్మకు నేను పెట్టే పరీక్ష ఒక్కటే. గేమ్‌లో ఆ మనిషిని ఏ భంగిమతో గుర్తుపడతామో, ఆ భంగిమలో బొమ్మ నిలబడుతుందా లేదా? ముఖం ఎంత అందంగా చెక్కినా సరే, ర్యూ హదోకెన్ వెయ్యలేకపోతే అది ర్యూ కాదు, ఎవరో కరాటే మాస్టారు. మెషిన్ మీద కర్రని కిందకి, కింద-ముందు మూలకి, ముందుకి తిప్పి, పంచ్ బటన్ నొక్కేవాళ్ళం. ఆ తర్వాత తెర మీద ర్యూ నిలబడే భంగిమ గుర్తుంది కదా? ముందు కాలు వంగి, వెనక కాలు చాపి, రెండు మణికట్లు ఒకదానికొకటి ఆని, అరచేతులు పువ్వులా విచ్చుకుని ఉండాలి. ఇందులో అసలు చిక్కు మణికట్ల దగ్గరే. రెండు చేతులూ ఛాతీ ముందు కలవాలంటే భుజాలు ముందుకు రావాలి. చాలా బొమ్మల్లో ఛాతీ కండ అడ్డం పడి, చేతులు కలవకుండానే ఆగిపోతాయి. చూస్తే హదోకెన్ వేస్తున్నట్టు ఉండదు, పళ్ళెం పట్టుకుని వడ్డనకు బయల్దేరినట్టు ఉంటుంది.

ఇదిగో, చూడండి. ఎడమ భుజం ముందుకి. ఇప్పుడు కుడి భుజం. మోచేతికి రెండు మడతలున్నాయి కాబట్టి చెయ్యి ఎక్కడ వంచితే అక్కడ ఆగుతోంది. మణికట్టు తిప్పుతున్నా... కలిశాయి. ముందు మోకాలు వంచాను, వెనక పాదం నేలకి పూర్తిగా ఆనించాను. వదిలేస్తున్నా. నిలబడ్డాడు! వెనక ఏ ఆధారమూ లేదు. మూడు వారాల్లో కనీసం నలభై సార్లు ఇలా పెట్టి ఉంటాను, కీళ్ళు ఇంకా బిగువుగానే ఉన్నాయి. ఈ ధరలో నేను ఎదురుచూడనిది ఇదే.

తన్నుల దగ్గర కొంచెం రాజీ పడాలి. కరాటే డ్రెస్ గుడ్డతో చేసింది కాదు, అదీ ప్లాస్టికే. నడుం కింద వేలాడే భాగం మెత్తగానే ఉంది గానీ, కాలు బాగా పైకి లేపేసరికి అది ముడుచుకుని అడ్డొస్తుంది. గాల్లో గిర్రున తిరిగే ఆ తన్ను పెట్టాలంటే విడిగా స్టాండ్ కొనుక్కోవాలి. గుడ్డ డ్రెస్ ఉంటే కాలు ఇంకా లేస్తుంది, నిజమే. కానీ అంత చిన్న బొమ్మకి గుడ్డ వేస్తే కుట్లు లావుగా కనపడి, అన్నయ్య చొక్కా తమ్ముడికి తొడిగినట్టుంటుంది. నాకు ప్లాస్టికే నయం.

తల మార్చేటప్పుడు, చేతులు మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. ఏ కంపెనీ బొమ్మైనా సరే, బిగుసుకున్న కీలుని బలంగా తిప్పకండి. లోపల పుల్లంత సన్నటి ముక్క ఉంటుంది, అది విరిగితే ఇక అంతే. గిన్నెలో నీళ్ళు వేడి చేయండి, మరగనివ్వద్దు. ఆ భాగాన్ని ఒక నిమిషం ముంచి తీయండి. ప్లాస్టిక్ కాస్త మెత్తబడి, చెయ్యి హాయిగా ఊడి వస్తుంది. నేను వంటింట్లో ఈ పని చేస్తుంటే మా అమ్మ వచ్చి చూసి, "ఏంట్రా, బొమ్మని పులుసు పెడుతున్నావా?" అంది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయర్ ఉంటే దానితోనూ అవుతుంది, ఈ మాటలు పడక్కర్లేదు.

ఇప్పుడు అసలు తలనొప్పి, ధర. అమెరికాలో ఇది వచ్చినప్పుడు సుమారు 25 డాలర్లు. మన డబ్బుల్లో రెండు వేల పైచిలుకు. నాకు మా పిన్ని కొడుకు డాలస్ నుంచి వస్తూ, ఆవకాయ జాడీ పట్టుకెళ్ళిన సూట్‌కేసులోనే బట్టల మధ్య పెట్టి తెచ్చాడు. పెట్టె మూలకి కొంచెం ఆవ వాసన ఉంది, అది కంపెనీ తప్పు కాదు. ఇక్కడ కొనాలంటే మాత్రం లెక్క మారిపోతుంది. దిగుమతి బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి పెంచారు, 2023లో 70 చేశారు. దాని మీద పన్ను, రవాణా, తెప్పించి అమ్మేవాడి లాభం. అందుకే అక్కడ పాతిక డాలర్ల బొమ్మకి ఇక్కడ ఐదు వేలు అడిగినా ఆశ్చర్యపోనక్కర్లేదు. నా గీత మూడున్నర వేలు. అది దాటితే వద్దు. అంతకన్నా పైన పెట్టే స్తోమతే ఉంటే, ఇంకొంత కాలం దాచుకుని బండాయ్ కంపెనీ ఫిగ్యువార్ట్స్ వరుసలోని ర్యూ వైపో, స్టార్మ్ కలెక్టిబుల్స్ కంపెనీ ర్యూ వైపో వెళ్ళండి. అవి దీనికి రెట్టింపు పైనే ఉంటాయి గానీ, పెయింట్‌లో ఆ తేడా తెలుస్తుంది.

మరీ చవగ్గా కనపడినా ఆగండి. రెండేళ్ళ కింద నేను ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర వేరే గేమ్ బొమ్మ పద్నాలుగు వందలకి కొన్నాను. అసలు ధరలో మూడో వంతు. పెట్టె తెరవగానే కిరసనాయిలు లాంటి వాసన. కనుపాపలు ఒకటి ఇటు, ఒకటి అటు. రెండో రోజు కత్తి పట్టిద్దామని వేళ్ళు కదిపితే మణికట్టు ఊడి సోఫా కిందకి పోయింది. అప్పుడు పెట్టెని తిరగేసి చూస్తే గేమ్ కంపెనీ పేరే లేదు, అక్షరాలు జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టు అలుక్కుపోయి ఉన్నాయి. ఆయనకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. కాబట్టి డబ్బులు పంపేముందు పెట్టె వెనక వైపు ఫోటో అడగండి. సాకులు చెబితే నమస్కారం పెట్టేయండి.

ఇంకొకటి. ఇది తెల్ల డ్రెస్ బొమ్మ, మనది గుంటూరు. దుమ్ము వారానికే కనపడుతుంది, ఎండ నేరుగా తగిలితే తెలుపు పసుపుకి తిరుగుతుంది. రోహిణీ కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు, ఒంటికాలి మీద నిలబెట్టిన ప్లాస్టిక్ బొమ్మ ఎంత? వేడికి చీలమండ మెత్తబడి మెల్లగా ఒరిగిపోతుంది. ఎండాకాలం రెండు కాళ్ళ మీద నిలబెట్టి, అద్దాల బీరువాలో కిటికీకి దూరంగా పెట్టండి.

పెట్టె విప్పకుండా దాచి, పదేళ్ళకి లక్షలకి అమ్ముదామని కొనేవాళ్ళు ఈ వీడియో ఇక్కడితో ఆపేయొచ్చు. ఇది దుకాణాల్లో మామూలుగా అమ్మే బొమ్మ, అంకె వేసి ఇన్నే చేశామన్న రకం కాదు. దీని సుఖమంతా చేత్తో పట్టుకుని తిప్పడంలో ఉంది. పని మధ్యలో ఒక్కసారి భంగిమ మార్చి మళ్ళీ కీబోర్డు మీదకి వెళ్ళే నా లాంటి వాళ్ళకి రెండు, మూడు వేలకి ఇంతకన్నా మంచి ర్యూ నాకు దొరకలేదు. ఎవరైనా అమెరికా నుంచి వస్తుంటే చెప్పి తెప్పించుకోండి.

ఇదే వరుసలో తర్వాత ఆ గేమ్‌లోని భారతీయ యోగి, మన ధల్సిమ్ కూడా వచ్చాడు. గేమ్‌లో వాడికి మెడలో పుర్రెల దండ, నోట్లో మంట, వెనక ఏనుగులు. మనవాళ్ళంటే అప్పట్లో గేమ్ చేసినవాళ్ళ ఊహ అదీ! అయినా బ్రాడీపేట షాపులో ఆడేటప్పుడు అందరికన్నా ముందు వాణ్ణి ఎంచుకునేది నేనే. మా పిన్ని కొడుకు సంక్రాంతికి మళ్ళీ వస్తున్నాడు, సూట్‌కేసులో చోటు అడిగి పెట్టాను.