పాడక్‌కి మనం రెస్ట్ ఇచ్చినా దుప్పి ఇవ్వదు

అందరికీ నమస్కారం. పెద్దలకి, పిల్లలకి, పొద్దున్నుంచి వంట దగ్గరే ఉన్న అక్కలకి పేరుపేరునా చెప్పాలి గానీ టైం లేదు, ప్రైజులిచ్చి చదువు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు నన్ను. బొమ్మల పోటీలో ఫస్ట్ ప్రైజ్ చుక్కల దుప్పికి వచ్చింది, పాప చాలా బాగా వేసింది. ఆ బొమ్మ చూశాక మాత్రం నా మనసు చదువుల మీదకి పోవట్లేదండీ, దుప్పి గురించే మాట్లాడతా.

ఇండియాలో దుప్పి వెనకాల పులి, చిరుత, రేచుకుక్కలు ఉంటాయి. ఇక్కడ ఆస్ట్రేలియాలో, మన నార్త్ క్వీన్స్‌లాండ్‌లో ఏమున్నాయి? డింగోలు, అంటే ఇక్కడి అడవి కుక్కలు, ఎప్పుడైనా దుప్పి పిల్లల్ని పట్టుకుంటాయి, అంతే. 1886లో చార్టర్స్ టవర్స్ ఊరికి ఉత్తరాన మేరీవేల్ స్టేషన్‌లో (స్టేషన్ అంటే ఇక్కడ పెద్ద పశువుల ఫారం) మనుషులే తెచ్చి వదిలారు ఈ దుప్పుల్ని. ఈనే సీజన్ అంటూ లేదు, ఏడాది పొడుగునా ఈనుతాయి.

నేను పశువుల డాక్టర్ని, కళ్ళతో చూసిందే చెప్తా. ఒక రైతు వానలు పడగానే ఆవుల్ని వేరే చోటికి తోలేసి ఒక పాడక్, అంటే కంచె వేసిన మేత బీడు, ఖాళీగా ఉంచాడు, గడ్డి కోలుకుని విత్తనం పట్టాలని. నన్ను తీసుకెళ్ళి చూపించాడు. ఆవు అడుగు ఒక్కటి లేదు, గేటు వేసింది వేసినట్టే ఉంది, లేత పిలకలు మాత్రం మొదలుదాకా కొరికేసి ఉన్నాయి, మట్టినిండా చిన్నచిన్న గిట్టల జాడలు, నల్లటి పెంటికలు. రాత్రి వచ్చి మేసి తెల్లారేసరికి చెట్లలోకి పోతాయి. ముళ్ళతీగ ఆవుని ఆపుతుంది గానీ దుప్పి కిందనుంచి దూరిపోతుంది. ఆ ఏడు ఆయన మేత లేక ఆవుల్ని అమ్ముకున్నాడు, వినండి, ఖాళీగా ఉంచిన పాడక్ ఉండి కూడా అమ్ముకున్నాడు!

ఒక మీటింగ్‌లో ఇదే చెప్తే ఒకాయన, పది దుప్పులు తినేది ఒక ఆవు తింటుంది, దానికింత గోలా అన్నాడు. బరువు లెక్కన నిజమే, 450 కిలోల ఆవు ఎక్కడ, 45 కిలోల ఆడదుప్పి ఎక్కడ. కానీ అవి స్టేషన్ అంతా సమానంగా మేయవండీ, మంచి నేల, దగ్గర్లో నీళ్ళు ఉన్నచోటే మందలుగా చేరి లేతది ఏరుకుని తింటాయి. వానల్లేని నెలల్లో ఆకులు అలములు తినైనా బతుకుతాయి. ఆవుకి అలా కుదరదు, మొలాసిస్‌లో, అంటే చెరకు మడ్డిలో, యూరియా కలిపి పెట్టాలి, ఆ బిల్లు ఎవరు కడతారు?

ఇంకో మాట, మన స్టేట్ ఎంబ్లమ్ మీద బ్రోల్గా కొంగకి ఎదురుగా ఉన్నది రెడ్ డీర్ అనే ఇంకో రకం జింక, 1873లో విక్టోరియా రాణి పంపిన జాతి. 1977లో దాన్ని ఎంబ్లమ్‌లోకి ఎక్కించారు. అదే స్టేట్ 2014 బయోసెక్యూరిటీ చట్టంలో ఈ అడవి దుప్పులకి మేత పెట్టకూడదు, పట్టుకెళ్ళి ఇంకోచోట వదలకూడదు అని రాసింది. కాబట్టి క్యాంపింగ్‌కి వెళ్ళినప్పుడు ముద్దుగా ఉన్నాయని బ్రెడ్డు ముక్కలు వేయకండి, దండం పెడతా.

ముద్దుగా ఉంటే నాకూ ఇష్టమే. కానీ ఒక్క రైతు కాల్పిస్తే పక్క స్టేషన్ నుంచి మళ్ళీ వస్తాయి, ఖర్చు దండగ. పక్కపక్క వాళ్ళంతా కలిసి ఒకేసారి చేయాలి, అదీ కరువొచ్చి మందలు సగానికి సగం పడిపోయినప్పుడే చేయాలి. వానలు పడ్డాక కదిలితే అప్పటికే మళ్ళీ పెరిగిపోయుంటాయి. మీలో కౌన్సిల్లో పనిచేసేవాళ్ళు ఉన్నారు, డిపార్ట్‌మెంట్లో ఉన్నారు, నాకు తెలుసు. హెలికాప్టర్ నుంచి దుప్పుల్ని కాల్పించడానికయ్యే డబ్బులు కరువు రాకముందే పక్కన పెట్టమని వచ్చే బడ్జెట్ మీటింగ్‌లో మీరే అడగండి.